తేనెపెట్టెలకు చెప్పిన మాట

పోయినవారం సొలాంజ్ దెల్‌మోత్‌ని పెరట్లో మంచు మీద నిలబెట్టి వచ్చాం. వెర్నూజ్ అనే ఆ కొండపల్లెలో ముసలి ఎలీ మజెల్ ఇంటికి ఈ చలికాలమంతా కాపలా ఉండడానికి ఒప్పుకుని వచ్చిన మనిషి ఆమె. ఎలీ తుంటి ఆపరేషన్ చేయించుకుని క్లెర్‌మాన్ పట్నంలో కూతురి దగ్గర ఉన్నాడు. పొయ్యి ఆరిపోకుండా చూడాలి. పిల్లికి పెట్టాలి. వారానికొకసారి పెరట్లోని ఆరు తేనెపెట్టెలనూ వెనకనుంచి కొంచెం ఎత్తి, లోపల తేనె ఎంత మిగిలిందో బరువు చూడాలి. ఆమె పని అంతే. మంగళవారం మధ్యాహ్నం అలా చూడబోతే ఆరు పెట్టెలకూ ఆరు నల్లగుడ్డ పీలికలు కట్టి ఉన్నాయి. మంచులో ఎవరివో బూట్ల అడుగులు. ఆమె కాసేపు అటూ ఇటూ చూసి, గుడ్డలన్నీ విప్పి లోపలికి తెచ్చుకుంది.

ఇప్పుడు బుధవారం. మధ్యాహ్నం రెండు దాటింది. పొయ్యి మీద క్యాబేజీ సూపు ఉడుకుతోంది. మంచు కురవడం ఆగింది కానీ ఆకాశం ఇంకా బరువుగానే ఉంది.

ఎవరో తలుపు తట్టారు.

సొలాంజ్ తలుపు తీసింది. గడప అవతల పొట్టిగా, వెడల్పుగా ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. పక్క పొలం లెయోన్స్ ప్రదాల్. నవంబరు నుంచీ ఆయన్ని దూరం నుంచి చూడడమే. ట్రాక్టరు మీద పోతూ ఈ ఇంటి వైపు తల తిప్పేవాడు కాదు. ఎలీకీ ఈయనకీ పదకొండేళ్ళుగా మాటల్లేవని రొట్టెల బండి అమ్మాయి చెప్పింది. ఎందుకో ఆ అమ్మాయికీ తెలియదు.

"నమస్తే మేడమ్."

"నమస్తే ప్రదాల్ గారూ. లోపలికి రండి."

"నేను లోపలికి రాను."

"అయితే బయటే ఉండండి, తలుపు వేసుకుంటాను. ఇలా తెరిచిపెట్టి కబుర్లు చెప్పుకుంటే ఊరంతటికీ పొయ్యి వెయ్యాలి."

లెయోన్స్ నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు. బూట్లు గడపకేసి కొట్టి మంచు దులుపుకుని ఒక అడుగు లోపలికి వేశాడు. ఆమె తలుపు మూసి, కింద సందులోంచి గాలి రాకుండా అడ్డంపెట్టే నల్లటి గుడ్డ దిండును కాలితో దగ్గరకు నెట్టింది. పాములా పొడుగ్గా ఉంది ఆ దిండు. రాత్రి కూర్చుని కుట్టింది.

లెయోన్స్ దానివంక చూశాడు. ఇంకా చూశాడు.

"ఇదేమిటి?"

"గాలి రాకుండా. మా ఉత్తరాన ప్రతి ఇంట్లోనూ ఉంటుంది."

"గుడ్డ ఎక్కడిది?"

"పెరట్లోది. ఎవరో పనీపాటా లేనివాళ్ళు పెట్టెలకి కట్టిపోయారు. మీరేమైనా చూశారా?"

"చూశాను. ఆ పనీపాటా లేనివాణ్ణి నేనే."

సొలాంజ్ ఆయన్ని మళ్ళీ చూసింది. ముసలాయన ముఖం చలికి ఎర్రబడిందనుకుంది ఇంతవరకు. చలి కాదు.

"మా ఆవిడ గౌను అది. వాళ్ళమ్మ పోయినప్పుడు కుట్టించుకుంది. బీరువాలోంచి తీసి కత్తెరతో కోసుకొచ్చాను. మీరు దాన్లో..." వంగి, దిండును వేలితో నొక్కాడు. "ఏం కూరారు?"

"రంపపు పొట్టు."

"రంపపు పొట్టు!"

"కొట్టంలో బోలెడుంది. ప్రదాల్ గారూ, నాకు తెలియదు. తప్పయితే విప్పి ఇస్తాను. కానీ తేనెపెట్టెకి గౌను ఎందుకు కడతారు ఎవరైనా?"

లెయోన్స్ టోపీ తీశాడు. తీసి రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

"మీ ఉత్తరాన చెప్పరా? ఇంటి యజమాని పోతే తేనెటీగలకి చెప్పాలి. ఇంటి తాళంచెవితో ప్రతి పెట్టె మీదా మూడుసార్లు తట్టాలి. 'పిల్లల్లారా, మీ యజమాని పోయాడు, మీరు పోకండి' అనాలి. నల్లగుడ్డ కట్టాలి. చెప్పకపోతే అవి అలిగి చచ్చిపోతాయి. లేకపోతే వెళ్ళిపోతాయి. నా దగ్గర ఈ ఇంటి తాళంచెవి లేదు. మా ఇంటిదాంతో తట్టాను. అదే సరిగ్గా చేశానో లేదో అని నిన్నటినుంచీ ఆలోచిస్తున్నా. మీరేమో గుడ్డలు కూడా పీకేశారు."

సొలాంజ్ చేతిలో గరిటె ఉంది. దాన్ని బల్ల మీద పెట్టింది.

"ఎవరు పోయారు?"

"ఈ ఇంట్లో ఉంటూ నన్నడుగుతారేమిటి మేడమ్? ఎలీ."

పొయ్యిలో కట్టె ఒకటి కుంగి లోపలికి పడింది.

"ఆదివారం సాయంత్రం ఫోన్ చేశాడే. పిల్లి తింటోందా అని అడిగాడు."

"ఆదివారం అడిగుంటాడు. పేపర్లో పడింది మంగళవారం. చావుల పేజీ నేను ముందు చూస్తాను, తర్వాతే మిగతావి. 'ఎలీ మజెల్, ఎనభయ్యో ఏట' అని ఉంది. మన పంచాయతీ పేరూ ఉంది."

"ఆ పేపరు చూపించండి."

"పొయ్యి అంటించాను. అది ఇంట్లో పెట్టుకుని ఏం చెయ్యను?"

"కింద ఏం రాశారు? ఎక్కడ, ఎప్పుడు?"

"పేరు చూశాక కింద చదవలేదు."

సొలాంజ్ ఫోను దగ్గరికి వెళ్ళింది. కూతురు బెనెదిక్త్ నంబరు గోడకి అంటించి ఉంది. మోగింది, మోగింది. ఎవరూ ఎత్తలేదు. వెర్నూజ్ నుంచి సొలాంజ్‌ని, ఒకసారి ఫోన్ చెయ్యమ్మా అని అవతలి ఫోను రికార్డరులో చెప్పి పెట్టేసింది. గొంతు మామూలుగానే ఉంచింది. ఇళ్ళకు కాపలా ఉండేవాళ్ళకి మొదట అలవాటయ్యేది అదే.

"కూర్చోండి," అంది. "కాఫీ పెడతాను. ఆ అమ్మాయి చేస్తుంది."

లెయోన్స్ బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, పొయ్యికి వీపు పెట్టి, కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి అని, గోడకేసి ఆనిస్తేనే నిలబడుతుందని సొలాంజ్‌కి తెలియడానికి వారం పట్టింది. ఆయన చూడకుండానే గోడకేసి ఆనించాడు.

"నేనున్నానుగా ఇంట్లో," అంది ఆమె కాఫీ పోస్తూ. "నాతో చెబితే నేనే చెప్పేదాన్ని వాటికి."

"మీరు ఇంటి మనిషి కాదు మేడమ్. తప్పుగా అనుకోకండి."

"అనుకోను. పన్నెండేళ్ళ నుంచీ ఇళ్ళకి కాపలా ఉంటున్నాను. ఏ ఇంటికీ మనిషిని కాను. పాలు పోసుకుంటారా?"

"వద్దు."

"మరి మీరు? మీరు ఇంటి మనిషా? మొన్నటిదాకా ఇటు తల కూడా తిప్పలేదే."

లెయోన్స్ కప్పు ఎత్తాడు. తాగకుండా దించాడు. బయట ఇంటికప్పు మీంచి మంచు పెళ్ళ ఒకటి జారి పెరట్లో పడింది. పిల్లి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి చూసి, ఏమీ లేదని మళ్ళీ వచ్చి పడుకుంది.

"వాడు పోయాడు గనక చెబుతున్నాను," అన్నాడు. "నిన్న పెట్టెలకి చెప్పాను. మనిషికి చెప్పడం మీకే."

"మీ ఇష్టం. నేను అడగలేదు."

"పదకొండేళ్ళ కింద, మే నెల. కింద నా ఆవచేను పువ్వు మీదుంది. పసుపు తప్ప ఇంకేం కనబడదు. పురుగు పట్టింది. మందు కొట్టాలి. పువ్వు మీదున్న చేనుకి పగలు కొట్టకూడదు, తేనెటీగలు దాని మీదే ఉంటాయి. సాయంత్రం అవి ఇంటికి చేరాక కొట్టాలి. మా నాన్న నుంచీ అంతే. ఎలీ నాతో నోరు తెరిచి అడగక్కర్లేదు, నేను చెప్పక్కర్లేదు."

"ఊఁ."

"ఆ సాయంత్రం ఊళ్ళో పేకాట పోటీ. ఎనిమిదింటికి మొదలు. ఎలీ, నేను జట్టు. ముప్పయ్యేళ్ళ నుంచీ మేమే జట్టు. మొదటి బహుమతి పంది తొడ, ఇంత పొడుగు. మేలో తొమ్మిదింటికి గానీ చీకటి పడదు. సాయంత్రం మందు కొడితే పేకాటకి అందను. అందుకని మధ్యాహ్నమే కొట్టాను. ఒంటిగంటకి. ఎండ మండిపోతోంది."

సొలాంజ్ కాఫీలో చెంచా తిప్పడం ఆపింది.

"గెలిచామండీ," అన్నాడు లెయోన్స్. "ఆ రోజు నాకు పడ్డ ముక్కలు అంతకుముందు పడలేదు, ఆ తర్వాత పడలేదు. పంది తొడ ఇద్దరం చెరోవైపూ పట్టుకుని, పాడుకుంటూ ఈ కొండెక్కాం. ఇదిగో, ఈ బల్ల మీదే కోసి పంచుకున్నాం. తెల్లారి వాడు పెరట్లోకి వెళితే పెట్టెల ముందు చచ్చిన ఈగలు గుట్టలు. పారతో ఎత్తాడు. తర్వాత మా ఇంటికొచ్చాడు. గట్టిగా కూడా అడగలేదు. 'మందు ఎప్పుడు కొట్టావు లెయోన్స్?' అన్నాడు."

"మీరేమన్నారు?"

"చీకటి పడ్డాక కొట్టానన్నాను."

సొలాంజ్ చెంచా తీసి పక్కన పెట్టింది.

"చీకటి పడ్డాక మీరు పేకాటలో ఉన్నారు కదా."

"ఉన్నాను."

"ఆయన ఎదురుగా కూర్చుని ఉన్నారు."

"ఉన్నాను మేడమ్. మాట నోట్లోంచి బయటికొచ్చాక తెలిసింది నాకు. వాడికీ అప్పుడే తెలిసింది. ఒక్క మాట అనలేదు. నా ముఖం చూశాడు, కాస్త ఆగాడు, ఇంకేమైనా చెబుతానేమోనని. నేను చెప్పలేదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. అంతే."

"పదకొండేళ్ళు."

"వాడు తిట్టుంటే మూడు రోజుల్లో అయిపోయేది. తిట్టలేదు. ఈగల గురించి కాదది. ఈగల్ని మళ్ళీ తెచ్చుకున్నాడు." లెయోన్స్ అరచేత్తో బల్ల మీద లేని పొడిని తుడిచాడు. "నిన్న ఆరు పెట్టెలకీ చెప్పాను. మధ్యాహ్నం ఒంటిగంటకి కొట్టానని. తేలిగ్గానే వచ్చింది మాట. వాడు లేడుగా."

అప్పుడు ఫోను మోగింది.

సొలాంజ్ లేచి ఎత్తింది. బెనెదిక్త్ ఆయాసపడుతోంది.

"సొలాంజ్ గారూ, మీకు ఎలా తెలిసింది? నాన్న ఫోన్ చేశాడా మీకు?"

"లేదమ్మా. మీ నాన్న ఎలా ఉన్నారు?"

"ఎలా ఉండడమేమిటి, లేడు!"

సొలాంజ్ గోడకి చెయ్యి ఆనించింది. లెయోన్స్ ఆమె వీపువంకే చూస్తున్నాడు.

"ఇంట్లో లేడండీ! నేను పనికి వెళ్ళి భోజనానికి వస్తే చీటీ ఉంది బల్ల మీద. చదువుతాను వినండి. 'ఊళ్ళో నన్ను పాతిపెట్టేశారు. వెళ్ళి లేచి చూపించి వస్తాను.' అంతే రాశాడు! స్టేషనుకి పరిగెత్తాను, అప్పటికే వెళ్ళిపోయాడు."

"పాతిపెట్టడమేమిటమ్మా?"

"మా చిన్నతాత కొడుకు పోయాడు, మన పంచాయతీలోనే రూజా వైపు ఉంటాడే, తితూ. పుట్టినప్పటినుంచీ తితూ, తితూ అని పిలిచి పిలిచి, ఆయన అసలు పేరూ ఎలీ మజెల్ అని మేమే మర్చిపోయాం. ఇద్దరికీ ముత్తాత పేరే పెట్టారు. పేపర్లో ఉన్న పేరు వేశారు. నాన్న నిన్నటి పేపరు పొద్దున్న చదివి, 'లెయోన్స్ ముందు ఈ పేజీయే చూస్తాడు' అని ఒకటే నవ్వు. నవ్వుతున్నాడు కదా అని వదిలేసి వెళ్ళాను. సొలాంజ్ గారూ, నాలుగింటి బస్సుకి కింద మలుపు దగ్గర దిగుతాడు. అక్కడినుంచి మూడు కిలోమీటర్లు మంచు. కొత్త తుంటి. టాక్సీవాళ్ళు పైకి రామన్నారు. ట్రాక్టరు ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా దగ్గర్లో?"

సొలాంజ్ తల తిప్పి లెయోన్స్‌ని చూసింది.

"ఉన్నారమ్మా," అంది. "కాఫీ తాగుతున్నారు."

ఫోను పెట్టేసి వచ్చి బల్ల దగ్గర నిలబడింది.

"తితూ అంట," అంది. "రూజా తితూ."

లెయోన్స్‌కి అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. మొదట నుదురు ముడిపడింది. తర్వాత పెదవులు కదిలాయి. తితూ, ఎలీ, మజెల్ అని మూడూ కలిపి చూసుకున్నాడు. తర్వాత ముఖమంతా విచ్చుకుంది. అరచేత్తో తొడ మీద చరిచాడు. అంతలోనే ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"బతికే ఉన్నాడా?"

"నాలుగింటి బస్సులో వస్తున్నాడు."

"ఇక్కడికి?"

"ఇంకెక్కడికి? ఇల్లు ఆయనది."

లెయోన్స్ లేచాడు. కూర్చున్నాడు. కిటికీలోంచి పెట్టెల వైపు చూశాడు.

"వాటికి పోయాడని చెప్పేశానే! పోయాడని చెప్పడానికి పద్ధతుంది. పోలేదని చెప్పడానికి ఏ పద్ధతీ లేదు. మా అమ్మ కూడా చెప్పలేదు."

"ఆయనే వచ్చి చెప్పుకుంటాడు. మీరు ట్రాక్టరు తియ్యండి. మూడూ ఇరవై అయింది."

"మేయర్‌కి ఫోన్ చెయ్యండి. మంచు తీసే బండి ఉంది."

"అది పొద్దున్న తప్ప రాదు. మీకే బాగా తెలుసు."

ముసలాయన టోపీ పెట్టుకున్నాడు. తీశాడు. గొంతు తగ్గించి, ఎవరో వింటున్నట్టు అన్నాడు:

"మీరేమీ వినలేదు."

"ఏదీ?"

"ఒంటిగంట మాట."

"నేను ఏ ఇంట్లో ఏమీ వినను ప్రదాల్ గారూ. విన్నా అక్కడే వదిలి వెళతాను. లేకపోతే నాకు తాళంచెవి ఎవరిస్తారు?"

లెయోన్స్ తల ఊపాడు. తలుపు దాకా వెళ్ళాడు. ఆ నల్ల దిండును జాగ్రత్తగా దాటి, మళ్ళీ వెనక్కి తిరిగాడు.

"లేదు. ఇంకో మాట. మీరే చెప్పండి వాడికి. నేను కాదు, మీరు. మీకు మాట వరసగా వస్తుంది. నాకు వాడి ముఖం చూస్తే రాదు. చూశాంగా పదకొండేళ్ళు."

"అది నా పని కాదు."

"రెండు ముక్కలే మేడమ్."

"రెండు ముక్కలైతే మీరే చెప్పండి. ఇల్లు చూసుకోవడానికి వచ్చాను. ఒకరి మాట ఇంకొకరికి మొయ్యడానికి కాదు. అలా మోసిన ఇంట్లోంచి ఒకసారి నేను నడి చలికాలంలో బట్టల పెట్టె పట్టుకుని బయటికొచ్చాను. మళ్ళీ మొయ్యను."

"కనీసం నాతో రండి."

"ఆ ట్రాక్టరుకి ఉన్నది ఒకటే సీటు. వెళ్ళండి. బస్సు మీకోసం ఆగదు."

వెళ్ళాడు. కాసేపటికి కొట్టం అవతల ట్రాక్టరు దగ్గి, దగ్గి, అందుకుంది. కిటికీలోంచి చూస్తే వెనక గడ్డిమోపులు వేసే ఇనుప పెట్టె తగిలించి ఉంది, అందులో కొట్టంలోంచి తీసుకున్న ఒక బొంత, ఒక ఎండుగడ్డి కట్ట. ఎలీ కూర్చోడానికి. దారి చీలే చోట ట్రాక్టరు ఆగింది. ఎడమకి తిరిగితే లెయోన్స్ ఇల్లు. సొలాంజ్ కదలకుండా చూసింది. ట్రాక్టరు అక్కడే నిలబడి పొగ వదిలింది, పొగ వదిలింది. తర్వాత కిందికి దిగింది.

ఆమె సూపులో ఉప్పు చూసింది. ఎలీ గదిలో కిటికీ రెక్కలు తెరిచింది, దుప్పటి మార్చింది, పొయ్యిలో రెండు లావు కట్టెలు పెట్టింది. ఇంటాయన వస్తే కాపలా మనిషి ఏం కావాలో ఆలోచించలేదు. మార్చి నెలాఖరు దాకా అన్నారు. ఆయన వెళ్ళమంటే వెళ్ళాలి. బల్ల మీద మూడు కంచాలు పెట్టింది. ఒకటి తీసింది. మళ్ళీ పెట్టింది.

నాలుగు దాటాక లోయలోంచి బస్సు హారన్ సన్నగా వినిపించింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. మంచు అన్ని శబ్దాలనూ మింగేస్తుంది. వెలుతురు నీలంగా మారుతోంది.

ఐదుకి పది నిమిషాలుందనగా ట్రాక్టరు పైకి వస్తున్న మోత. సొలాంజ్ శాలువా కప్పుకుని గడపలోకి వచ్చింది.

నడుపుతున్న మనిషి పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. నవంబరులో ఆమె చేతికి తాళాలిచ్చిన మనిషి. ఎలీ మజెల్. చేతికర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, బాగోలేని కాలు పక్కకి చాపి, మెల్లగా తోలుకొస్తున్నాడు. వెనక ఇనుప పెట్టెలో బొంత ఉంది, గడ్డికట్ట ఉంది. లెయోన్స్ లేడు.

వాకిట్లో ఆపాడు. ఇంజన్ ఆపలేదు. దిగలేదు.

"నమస్తే మేడమ్ దెల్‌మోత్. బాగా చూసుకున్నారు ఇల్లు. పొగ కింది నుంచే కనబడింది."

"ప్రదాల్ గారేరీ?"

"కింద మలుపులో. బస్సు ఆగే గుడిసెలో కూర్చున్నాడు."

"ఈ చలిలోనా? ఏమైంది?"

"ఏమీ కాలేదు. బస్సు దిగాను. వాడక్కడ నిలబడి ఉన్నాడు. నన్ను చూశాడు. నోరు తెరిచాడు, మూశాడు. రెండుసార్లు." ఎలీ కర్రను ఒళ్ళో కొంచెం జరుపుకున్నాడు. "తర్వాత నన్ను ఎత్తి ఈ సీట్లో కూర్చోబెట్టాడు, బియ్యం మూటలాగా. 'నువ్వు పైకి పో. మేడమ్ నీకో మాట చెబుతుంది. విన్నాక నీకు ఇష్టమైతే కిందికొచ్చి నన్ను తీసుకెళ్ళు. ఇష్టం లేకపోతే బండి నీ వాకిట్లో వదిలెయ్యి, నేను నడిచిపోతాను' అన్నాడు. పదకొండేళ్ళలో వాడు నాతో మాట్లాడింది అంతే."

సొలాంజ్ శాలువా దగ్గరకు లాక్కుంది. కింద మలుపులో ఆ గుడిసెకి మూడు గోడలే. నాలుగో వైపు తలుపు లేదు, గాలి వచ్చేది అటే.

ఎలీ ట్రాక్టరు మీద నుంచి ఆమెను చూస్తున్నాడు. తొందరేమీ లేదు ఆ చూపులో. ఎదుటి మనిషి ఇంకేమైనా చెబుతాడేమోనని ఆగి చూసే చూపు.

"చెప్పండి మేడమ్," అన్నాడు. "ఏమిటా మాట?"